ఆ రోజు నేను చూసింది, నేను చెప్పింది

2003 వేసవి. పలాస–కాశీబుగ్గ బస్టాండుకి దగ్గర్లో, ఒక మందుల షాపు పక్క సందులో నా క్లినికల్ ల్యాబ్ ఉండేది. రెండు గదులు, ఒక కలరీమీటరు, ఒక సెంట్రిఫ్యూజు, ఒక మైక్రోస్కోపు, గోడకి ఆనించిన రెండు బెంచీలు, వెనక ఒక బాత్రూం. రక్తంలో ఉన్న పదార్థాన్ని మందు కలిపి రంగుగా మారుస్తాం. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచి చెప్పేది కలరీమీటరు. ఆ అంకెను కాగితం మీద రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టి ఇవ్వడం నా పని. నా పని అంతవరకే. ఒక రోజు నేను అక్కడ ఆగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వేరే ఊళ్ళలో ల్యాబ్‌కి డాక్టరు రాసిన చీటీ పట్టుకుని వస్తారు. మా దగ్గర అలా కాదు. ఉద్దానం పల్లెల నుంచి వచ్చేవాళ్ళు చాలామంది చీటీ లేకుండానే వచ్చేవారు. సంతకొచ్చిన మనిషి బరువు చూసుకునే మిషను ఎక్కినట్టు, పనిమీద పలాస వచ్చి, పనయ్యాక నా బెంచీ మీద కూర్చుని చెయ్యి చాపేవారు. "ఓపాలి క్రియాటిన్ సూసీ బాబూ" అనేవారు. క్రియాటినిన్ అంటే కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. అవి సరిగా పంపలేకపోతే రక్తంలో అంకె పెరుగుతుంది. ఎందుకు పంపలేకపోతున్నాయో ఆ అంకె చెప్పదు. కానీ కారణం తెలియని కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఆ ఊళ్ళలో ఆ అంకెను వయసు చెప్పినట్టు చెప్పుకునేవారు. "మావోడిది మూడు, మీవోడిది ఎంత?" అని బస్సులో ఒకరినొకరు అడగడం నేను విన్నాను.

రిపోర్టు చేతికివ్వగానే అందరూ అడిగేది ఒకటే: "ఏటున్నాది డాట్రుబాబూ?" నేను డాక్టరుని కాను. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసినవాడిని. "డాట్రుబాబూ" అన్న పిలుపును నేను ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. వినడానికి బాగుండేది.

ఆ వేసవిలో ఒక ఉదయం ఢిల్లేశ్వరరావు, అతని భార్య నీలవేణి వచ్చారు. పేర్లు మార్చాను, ఊరు చెప్పను. సముద్రం వైపు ఊరు. కొంచెం కొబ్బరి, కొంచెం జీడితోట. మనిషికి యాభై దాటాయి. సన్నటి చేతులు, బుర్ర మీసాలు. నెల రోజులుగా ఆకలి లేదని, కాళ్ళు లాగుతున్నాయని చెప్పాడు. రక్తం తీసి, యూరిన్ కోసం చిన్న ప్లాస్టిక్ సీసా ఇచ్చి బాత్రూంకి పంపాను.

అరగంటయినా మనిషి రాలేదు. బెంచీ మీద ఉన్నవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. నీలవేణి తలుపు కొట్టింది.

"ఓ మావా, లోపల తొంగున్నావేటి?"

"ఉండవే, ఈ సీసాకీ నాకూ బేరం కుదరట్లేదు" అన్నాడు లోపల నుంచి. బెంచీలు నవ్వాయి. నేనూ నవ్వాను.

బయటికి వచ్చేసరికి సీసా అడుగున కొన్ని చుక్కలు. ఒక చెయ్యి పొత్తికడుపు మీద నొక్కిపెట్టుకుని, కొంచెం ముందుకి వంగి నడుస్తున్నాడు. "ఇంకో గంట ఆగితే ఇంకో నాలుగు సుక్కలొస్తాయి బాబూ, మరంతే" అన్నాడు.

"ఇంటికాడా ఇంతే బాబూ. ఒంటేలు కని ఎల్తాడు, కూకుంతాడు, ఒచ్చీస్తాడు. మల్లీ ఎల్తాడు" అంది నీలవేణి.

రిపోర్టులో యూరిన్ గడి దగ్గర క్యూ.ఎన్.ఎస్. అని రాశాను. పరీక్షకి చాలినంత శాంపిల్ లేదని చెప్పడానికి ల్యాబుల్లో అందరం వాడే మూడక్షరాలు అవి. క్రియాటినిన్ మూడు దాటింది. ఉండాల్సిన దానికన్నా రెండు రెట్లకు పైన. నా రిజిస్టరులో పేరు పక్కన ఎర్ర పెన్నుతో "ఉ" అని చుట్టాను. ఉద్దానం మనిషి అని నేను పెట్టుకున్న గుర్తు అది. ఏ పుస్తకమూ చెప్పింది కాదు. నా సొంత తెలివి.

"ఏ ఊరు మావా? మీ ఊళ్ళో ఈ జబ్బు ఉన్నవాళ్ళున్నారా?" అనడిగాను.

"నేకేటి? మా అన్నకొడుకు దీంతోనే పోనాడు. పక్కింటోలు ఇశాపట్నం తిరుగుతున్నారు, డయాలసిస్‌కి."

నాకు అంత చాలు.

"అదే మావా. కిడ్నీ" అన్నాను.

ఢిల్లేశ్వరరావు చెయ్యి పొట్టమీద నుంచి తియ్యలేదు. "ఎవులైనా పెద్ద డాట్రుకి సూపించమంతావా?" అనడిగాడు.

"చూపించినా చెప్పేది ఇదే. ఉప్పు తగ్గించు. నీళ్ళు బాగా తాగు."

నీలవేణి రిపోర్టును నాలుగు మడతలు పెట్టి చీర కొంగున ముడేసుకుంది. ఇద్దరూ నాకు దణ్ణం పెట్టి వెళ్ళారు. మొత్తం మాటలకి రెండు నిమిషాలు పట్టి ఉండదు.

ఆ మాట విన్న ఉద్దానం మనిషి ఏం చేస్తాడో నాకు తెలిసి ఉండాల్సింది. పక్కింట్లో ఏం జరిగిందో కళ్ళారా చూసినవాడికి "కిడ్నీ" అంటే జబ్బు పేరు కాదు, తీర్పు. ఇంక డాక్టరెందుకు అనుకున్నారు. ఇచ్ఛాపురం అవతల ఎవరో ఆకుపసరు ఇస్తారంటే నీలవేణి అక్కడికి తీసుకెళ్ళింది. నాలుగు నెలలు తాగించింది. నేను చెప్పినట్టే అతను నీళ్ళూ బాగా తాగాడు.

నాలుగు నెలల తర్వాత మనిషి కళ్ళు తిరిగి పడిపోతే టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మంచం పక్కన నిలబడి, ఏ కాగితమూ చూడకముందే పొట్టమీద చెయ్యి వేశాడట. పొత్తికడుపు రాయిలా ఉంది. కాథెటర్ అనే సన్నని రబ్బరు గొట్టం వేస్తే బ్యాగు నిండింది. ఖాళీ చేస్తే మళ్ళీ నిండింది. మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారిని నొక్కేసింది. లోపల మూత్రం తయారవుతూనే ఉంది, బయటికి వచ్చే దారి లేదు. అది వెనక్కి ఎగదన్ని కిడ్నీలను పాడుచేస్తూ వచ్చింది. అప్పటికి క్రియాటినిన్ తొమ్మిది. పది రోజుల్లో నాలుగుకి దిగింది. అంతకన్నా దిగలేదు.

ఈ సంగతి నాకెలా తెలిసిందంటే, రీ-టెస్టు కోసం ఆ డాక్టరు చీటీతో వాళ్ళు నా దగ్గరికే వచ్చారు. ఢిల్లేశ్వరరావు చేతిలో యూరిన్ బ్యాగు ఉంది. "సీసా ఇయ్యి బాబూ, ఇప్పుడెంత కావాలంటే అంత" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వాళ్ళు బయట కూర్చున్నప్పుడు ఆ డాక్టరుకి ఫోన్ చేశాను. ముందే వచ్చి ఉంటే ఎలా ఉండేదని అడిగాను. "ఎంతవరకు బాగుపడేవాడో చెప్పలేనండీ. ఉద్దానం జబ్బు కూడా కొంత ఉండి ఉండొచ్చు. కానీ ఈ నాలుగు నెలలు మాత్రం గట్టి దెబ్బ తీశాయి" అన్నాడు.

రిపోర్టు ఇచ్చేటప్పుడు నీలవేణి ఒక్కతే లోపలికి వచ్చింది. గొంతులో కోపం లేదు.

"ఓ మాట అడుగుతాను బాబూ. ఆ రోజు నువ్వేటి సూసి సెప్పినావు?"

"రిపోర్టులో ఉంది కదమ్మా" అన్నాను.

అబద్ధం. రిపోర్టులో ఒక అంకె, మూడక్షరాలు ఉన్నాయి. "కిడ్నీ" అన్న మాట అందులో లేదు. అది నా నోటి నుంచి వచ్చింది. ఆమె రిపోర్టు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ ఊరినుంచి వచ్చినవాళ్ళ దగ్గర ఒక కథ వింటూ వచ్చాను. పెళ్ళాం డాక్టరుకి చూపించకుండా ఆకుపసరు తాగించి మొగుణ్ణి పాడుచేసిందని. నేను రక్తం తీస్తూ వినేవాణ్ణి. "కాదు" అని ఒక్కసారీ అనలేదు.

2005లో ఒక రిటైర్డ్ లెక్చరరు నెలకోసారి షుగర్ పరీక్షకి వచ్చేవారు. కాలేజీలో లాజిక్ చెప్పినవారు కాబట్టి అందరూ లాజిక్ మాస్టారు అనేవారు. మామిడిపళ్ళ కాలంలో ఒకసారి, "మాస్టారూ, మీరు షుగర్ పేషెంటు కదా, పళ్ళు తగ్గించండి" అన్నాను.

"నేను షుగర్ పేషెంటునని నీకెలా తెలుసు?"

"రిపోర్టు నేనే కదండీ ఇచ్చింది."

"పోయిన నెల ఒక పొద్దున, పరగడుపున, నా చేతిలోంచి తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర ఎంతుందో నీకు తెలుసు. నీకు తెలిసింది అంతే. నేను ఇంకా చాలా ఉన్నానయ్యా" అని ఆయన నవ్వి, "జనరల్ సెమాంటిక్స్ అని ఒక శాస్త్రం ఉంది, విన్నావా?" అన్నారు.

వినలేదు. మాటల అర్థాల గురించిన నిఘంటువు లాంటిదేమో అనుకున్నాను. అది కాదు. మాట వినగానే మనం ఏం చేస్తామో, మాటని వస్తువే అనుకుని ఎలా మోసపోతామో గమనించుకునే పద్ధతి అది. ఆయన చెప్పిన మొదటి సంగతి: మ్యాపు ఊరు కాదు. పలాస మ్యాపులో జీడిపప్పు వాసన ఉండదు. మ్యాపు అవసరమే, కానీ అందులో లేనిది ఊళ్ళోనూ లేదనుకుంటే గోతిలో పడతాం. మాటలు కూడా మ్యాపులే.

మరోసారి వచ్చినప్పుడు బెంచీ మీదున్న ఒక మనిషిని చూపించి, అతని గురించి నాకు తెలిసింది చెప్పమన్నారు.

"జీడితోట రైతు. వేళ్ళకి జీడి మరకలు. జ్వరంతో వచ్చాడు, కళ్ళు కూడా తెరవలేకపోతున్నాడు" అన్నాను.

"అందులో నువ్వు చూసింది ఎంత?"

ఆలోచించాను. "వేళ్ళకి నల్లమరకలు ఉన్నాయి. కళ్ళు మూసుకున్నాడు."

"మిగతాది?"

"నేను అనుకున్నది."

మాస్టారు వెళ్ళి అతన్ని తట్టి లేపారు. ఆటో డ్రైవరు. సోంపేట నుంచి ఎవరినో రక్తపరీక్షకి తీసుకొచ్చి, కునుకు తీస్తున్నాడు. మరకలు గ్రీజువి. "ఏటి మాస్టారూ, నాకేటి రోగం? లేపీసినావు" అని విసుక్కున్నాడు.

చూసింది ఒకటి, దాన్నిబట్టి ఊహించింది ఇంకొకటి. ఊహ తప్పని కాదు, ఊహ లేకుండా ఏ పనీ జరగదు. కానీ రెండిటినీ ఒకే గొంతుతో చెప్పకూడదు. మనం చెప్పినప్పుడు రెండూ ఒకలాగే వినబడతాయి కాబట్టి, ఏది ఏదో చెప్పేవాడే విడదీసి చెప్పాలి.

తర్వాత ఆయన చెప్పిన పరికరాలు విని ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అవి నా బల్లమీదే ఉన్నాయి. "నీ ట్యూబులకి నంబర్లు ఎందుకు వేస్తావు?" అనడిగారు. కలిసిపోతాయి కాబట్టి. అన్నీ రక్తమే, అన్నీ ఎర్రగానే ఉంటాయి. కానీ ఏడో నంబరు ఎనిమిదో నంబరు కాదు. "మరి మనుషులకి ఎందుకు వెయ్యవు? కిడ్నీ పేషెంటు ఒకటి, కిడ్నీ పేషెంటు రెండు, మూడు. పేరు ఒకటే, మనిషి వేరు." రిపోర్టు మీద తారీఖు ఎందుకు? నిన్నటి రక్తం ఇవాళ్టి రక్తం కాదు కాబట్టి. అలాగే మొన్నటి మనిషి ఇవాళ్టి మనిషి కాదు. మనుషుల గురించి మనం అనే మాటల మీద తారీఖు ఉండదు. ఒకసారి అంటించిన పేరు అలాగే ఉండిపోతుంది. మూడోది, ఏ మాట చివరైనా మనసులో "ఇంకా ఉంది" అని అనుకోవడం. ఎంత చెప్పినా మిగిలేది ఉంటుంది.

నాలుగైదు నెలలు ఇలా నడిచాక మాస్టారికి ఢిల్లేశ్వరరావు సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రిజిస్టరు తీసి ఎర్ర "ఉ" కూడా చూపించాను.

"సీసా నిండకపోవడం నువ్వు చూసింది. కిడ్నీలు పాడయ్యాయన్నది నువ్వు చెప్పింది. ఆ రెండిటికీ మధ్య ఒక డాక్టరు చెయ్యి పట్టేంత చోటు ఉందయ్యా. దాన్ని నువ్వు మూసేశావు" అన్నారు.

ఓదార్చలేదు. నేనూ కోరుకోలేదు. నేను చూసింది మెట్టుమెట్టుగా మాటగా మారుతూ ఎలా పైకి వెళ్ళిందో కాగితం మీద గీసి చూపించారు. అన్నిటికన్నా కింద, పొట్ట నొక్కుకుని నడుస్తున్న మనిషి. దాని పైన, సీసాలో కొన్ని చుక్కలు. దాని పైన క్యూ.ఎన్.ఎస్. దాని పైన "ఉ". అన్నిటికన్నా పైన "కిడ్నీ". ఒక్కో మెట్టు ఎక్కినప్పుడు కిందిది కొంత రాలిపోతుంది. పై మెట్టుకి వచ్చేసరికి ఆ పొట్టమీది చెయ్యి ఎక్కడా లేదు. అది నా కళ్ళ ముందే ఉంది. నవ్వించిన ఆలస్యమూ ఉంది. నీలవేణి తన నోటితో చెప్పింది కూడా. వాటన్నిటినీ మూడక్షరాల్లో పెట్టేసి, ఆ అక్షరాలనే చదివాను.

ఈ పద్ధతి జబ్బులు నయం చెయ్యదు. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. "నేను అంకె మాత్రమే ఇస్తాను, మిగతాది నాకు తెలియదు" అని గోడ కట్టుకుని దాని వెనక దాక్కోవడానికీ అది పనికొస్తుంది. కొన్నాళ్ళు నేనూ అలా దాక్కున్నాను. తర్వాత అర్థమైంది. తెలియనిది తెలియదని చెప్పాలి, చూసినదాన్ని మాత్రం పూర్తిగా చెప్పాలి. అప్పటినుంచి క్యూ.ఎన్.ఎస్. పక్కన, "అరగంట ప్రయత్నించారు, కొన్ని చుక్కలే వచ్చాయి, పొత్తికడుపు నొప్పి అంటున్నారు" అని రాసి డాక్టరు దగ్గరికి పంపుతున్నాను. ఎర్ర పెన్ను పక్కన పెట్టాను. "డాట్రుబాబూ" అంటే, కాదని చెప్తున్నాను.

ఢిల్లేశ్వరరావు 2006లో పోయాడు. నేను వెళ్ళలేదు.

2009లో వెళ్ళాను. మధ్యాహ్నం. నీలవేణి ఇంటి ముందు అరుగు దగ్గర ఆమె బావగారు, అంటే ఢిల్లేశ్వరరావు అన్న, ఇంకో ఇద్దరితో కలిసి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ఆమె నన్ను చూసి గుమ్మంలోనే నిలబడింది.

"ఏటి బాబూ, ఇప్పుడొచ్చినావు?"

చెప్పాను. ఆ రోజు కిడ్నీ అన్నది రిపోర్టు కాదని, నేనని. డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దన్నట్టు మాట్లాడింది నేనని.

"నాకు తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"టెక్కలిలో ఆ బేగు నిండుతుంటే సూసినాను కదా. ఒంటేలు లోపలే ఉన్నాది. నువ్వు కిడ్నీ పోనాదన్నావు."

"మరి ఆ రోజు నన్నెందుకు అడిగావమ్మా?"

"నువ్వు సెప్తావేమోనని."

ఆమె అరుగు వైపు చూపించింది. "నాకు సెప్పి ఏటి లాభం? అదిగో, ఆలకి సెప్పు."

అరుగు దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. బావగారు కాయ ఒలవడం ఆపాడు. "డాట్రుబాబే ఒచ్చి ఒప్పుకుంతుంటే మేమేటంతాం" అన్నాడు.

"నేను డాక్టరుని కాను. అప్పుడూ కాను."

"సరే, కాపో. ఆకుపసరు తాగించినమాట నిజమేనా కాదా?"

నీలవేణి గుమ్మం దిగి వచ్చింది. "తాగించినాను బావా. నాలుగు నెల్లూ నా సేత్తోనే తాగించినాను. డాట్రుకి సూపించినా ఒకటే అని ఈ బాబు అన్నాకే తాగించినాను. ఆరేల్లనుంచీ నీకిదే సెప్తన్నాను."

అతను మళ్ళీ కాయ అందుకున్నాడు గానీ ఒలవలేదు.

నేను బయలుదేరుతుంటే నీలవేణి ఆపింది. "నోటి మాట రేపటికి ఉండదు బాబూ. నీ కాయితం సూసే కదా ఊరంతా నమ్మినాది. కాయితం మీద రాసియ్యి."

"ఏం రాయమంటావు?"

"నువ్వు సూసింది రాయి. సాలు."

సంచిలో నా ల్యాబ్ లెటర్‌హెడ్ ఉంది. అరుగు మీద కూర్చుని రాశాను. మొదట రాస్తున్న రోజు తారీఖు, కింద 2003లో వాళ్ళు వచ్చిన రోజు తారీఖు. "ఢిల్లేశ్వరరావు గారు అరగంట ప్రయత్నించి కొన్ని చుక్కలు మాత్రమే ఇవ్వగలిగారు. పొత్తికడుపు మీద చెయ్యి నొక్కిపెట్టుకుని ఉన్నారు. ఇంటి దగ్గర కూడా ఇలాగే ఉందని ఆయన భార్య నాతో చెప్పారు. డాక్టరుకి చూపించాలా అని ఆయన నన్ను అడిగారు. చూపించినా ఒకటే అని నేను చెప్పాను. డాక్టరుకి చూపించి ఉంటే ఆయన బతికేవారో లేదో నాకు తెలియదు." అంతే రాశాను. చదివి వినిపించాను. నీలవేణి నాలుగు మడతలు పెట్టబోయి ఆగి, "కింద పేరు రాయవా?" అంది.

పేరు రాసి, దాని కింద ల్యాబ్ టెక్నీషియన్ అని రాసి, సంతకం పెట్టాను.